నీ చెయ్యి చూసుకో

ఆవకాయ కలిపే చెయ్యి మంచిదై ఉండాలంటారు మా వాళ్ళు. మంచి చెయ్యి కలిపిన జాడీ మళ్ళీ ఎండాకాలం వచ్చినా ఎర్రగా నిలబడి ఉంటుందట. చెయ్యి మంచిది కాకపోతే వానలు పడీ పడకముందే బూజు పడుతుందట. నేను కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని, ఈ మాట వింటే నాకెప్పుడూ ఎగతాళే. "చెయ్యేటి, గాడిద గుడ్డేటి! ముక్క తడి ఆరిందా లేదా, ఉప్పు సరిపడా పడిందా లేదా, అంతే" అనేదాన్ని. ఈ యేడు మాత్రం ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎక్కడైనా దాక్కుందామనిపించింది.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. మా తాత పలాస వైపు నుంచి ఫైర్‌మన్‌గా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా ఆయన గూడ్సు గార్డు. ఇప్పుడు దానికి ట్రెయిన్ మేనేజర్ అని కొత్త పేరు పెట్టారు గానీ డ్యూటీ అదే, ఆ చివరి డబ్బాలో ఊగడమూ అదే. మా క్వార్టర్ల వరసలో తెలుగు ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. ఎండలు ముదరగానే ఆడవాళ్ళందరం మా వరండాలో చేరి అన్ని ఇళ్ళ ఆవకాయా ఒకేసారి కలుపుతాం. కాయలు బుధవారీ బజారులో కొంటాం. పప్పునూనె మాత్రం విజయనగరం నుంచి ఎవరో ఒకరి డ్యూటీ సంచీలో రావాల్సిందే. ఇక్కడి ఆవనూనె పోసి కలిపితే అది ఆవకాయే కాదని మా ముసలమ్మల తీర్పు.

ఆ కలపడం ఎదురు క్వార్టర్ పిల్లది. వాళ్ళ నాన్న ట్రాక్‌మన్, పట్టాల మీద పని. చిన్నప్పటి నుంచీ నన్ను అక్కా అంటాడు, కాబట్టి పిల్లకి నేను అత్తని. స్కూల్లో మాత్రం మేడమ్‌ని. ఏడో క్లాసులో ఉండగా, ఎప్పుడూ కలిపే పక్కింటి మామ్మకి జ్వరం వస్తే, ఈ గుంట పావడా ఎగ్గట్టి మోచేతుల దాకా చేతులు బేసిన్‌లో పెట్టీసింది. ఆ యేడు ఏ ఇంట్లోనూ ఒక్క జాడీ చెడలేదు. అంతే, అప్పటి నుంచి దాని చెయ్యి మంచి చెయ్యి అయిపోయింది. అది రాకుండా బేసిన్‌లో చెయ్యి పెట్టేవాళ్ళు లేరు.

నేను ఎగతాళి చేస్తూనే ఆ ఆవకాయని వాడుకున్నాను. సాయంత్రాలు పిల్ల మా ఇంటికి చదువుకోడానికి వచ్చేది. రసాయన సమీకరణం అంటే ఏమిటో దానికి అలాగే చెప్పాను. ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ముప్పాతిక గిన్నె, దానికి ముక్కలు నాలుగు గిన్నెలు. "కారం సగం గిన్నే ఉంటే ఏటవుద్దే?" అని అడిగాను. వేళ్ళ మీద లెక్కెయ్యకుండానే చెప్పింది: "సగం జాడీయే అవుద్ది అత్తా. ఆవపిండీ ముక్కలూ ఎంతున్నా మిగిలిపోతాయి. ఏది ముందు అయిపోతే అదే చెప్తాది, ఎంత పచ్చడో." పదకొండో క్లాసు పుస్తకంలో రెండు పేజీల పాఠం అది. ఓసి నీ అసాధ్యం కూలా అనుకుని దగ్గరికి తీసుకున్నాను.

ఒకసారి స్కూలు వాళ్ళు పిల్లల్ని సీపత్ పవర్ ప్లాంటుకి తీసుకెళ్ళారు. అందరూ చిమ్నీలు చూసి ఫోటోలు దిగారు. ఇది మాత్రం బాయిలర్ నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ దగ్గర ఆగిపోయింది. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఫ్లాస్కు తిప్పుతూ చుక్కలు పోస్తోందట. ఇంటికొచ్చి "నాకు ఆ పని కావాలత్తా" అంది. దానికి బీఎస్సీ చదవాలి. వాళ్ళ నాన్నకేమో పద్దెనిమిది నిండగానే రైల్వే గ్రూప్ డి పరీక్ష రాయించెయ్యాలని ఉంది. ఇంటి పట్టున ఉద్యోగం, ఆయన బాధ ఆయనది. నాలుగు రోజులు ఇంట్లో గొడవ అయ్యాక నా దగ్గరికొచ్చి అన్నాడు: "అక్కా, నాకు ఈ కెమిస్ట్రీలూ అవీ తెలీవు. గుంట పనికొస్తాదని నువ్వంటే చదివిస్తాను. నువ్వు కాదంటే లేదు." అలా దాని చదువు నా నోటి మాట మీద పెట్టారు. నాకు గర్వంగా ఉండేది కూడా.

ఇప్పుడు మా స్కూలు సంగతి చెప్పాలి. అర్పా నది వంతెన దాటాక సర్కండాలో ఉంటుంది. ల్యాబ్ ఉందా అంటే ఉంది. బ్యురెట్లు సగం కారతాయి. బ్యురెట్ అంటే గీతలున్న పొడుగు గాజు గొట్టం, కింద చిన్న కుళాయి. మా కుళాయిలకి వేజలిన్ రాసీ రాసీ నా వేళ్ళు జిడ్డోడుతుంటాయి. సిలబస్ అవగొట్టే హడావిడిలో పిల్లలు యేడాది మొత్తం మీద ఆ గొట్టాన్ని ముట్టుకునేదే తక్కువ. మరి పన్నెండో క్లాసు ప్రాక్టికల్ పరీక్ష రోజు ఏం చేస్తారు? "మేడమ్, రీడింగ్ క్యా ఆయేగీ?" అని అడుగుతారు. అంటే గొట్టంలో ఏ గీత దగ్గర ఆపితే సరైన జవాబో ముందే చెప్పెయ్యమని. పైకి చెప్పకూడదు కదా, అందుకని ల్యాబ్ పక్క గదిలో బోర్డు మూల ఆ అంకె వేసి ఉంచుతాను, నా కోసం రాసుకున్నట్టు. పిల్లలు లోపలికొచ్చి చూసుకుని వెళ్తారు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కీ తెలుసు, వాళ్ళ స్కూల్లో ఆయనా అదే చేస్తాడు. పీత కష్టాలు పీతవి. నాకు ముందున్న మాస్టారు నాకు తాళాలతో పాటు అప్పగించిన ఆచారం ఇది, నేను ఇంట్లో వ్రతం చేసినంత శ్రద్ధగా నడిపించాను. మా స్కూలు రీడింగ్ ఎప్పుడూ పదే.

ఎందుకు పది అంటే, అది వచ్చేలా నేనే సొల్యూషన్లు చేస్తాను కాబట్టి. బ్యురెట్‌లో ఊదారంగు పర్మాంగనేట్, కింద ఫ్లాస్కులో వేడి చేసిన ఆక్సాలిక్ ఆమ్లం. ఆమ్లం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, పర్మాంగనేట్ పుచ్చుకుని రంగు పోగొట్టుకుంటుంది. మొదటి చుక్క కాస్త బద్ధకిస్తుంది, తర్వాత పడ్డది పడ్డట్టే తెల్లబోతుంది. ఫ్లాస్కులో ఇచ్చేవాళ్ళు ఉన్నంతసేపూ అంతే. ఆమ్లం అయిపోయాక పడ్డ చుక్కకి ఇచ్చే దిక్కు లేక లేత గులాబీ రంగు అలాగే నిలబడిపోతుంది. అక్కడ ఆపాలి. ఇందులో ఎవరి మాటా వినక్కర్లేదు, రంగు చూస్తే చాలు. ఈ గుంట ఒక్కతే నా వెనకపడి తాళం తీయించి మరీ అలవాటు చేసుకుంది. ఎన్నిసార్లు చేసినా పది దగ్గరే చుక్క తేడా లేకుండా ఆపేది. బోర్డు మూల అంకె దానికి అవసరం లేదు.

పరీక్ష ఫిబ్రవరిలో. ముందు రోజు సొల్యూషన్లు చేశాను. ఆక్సాలిక్ ఆమ్లం పాత సీసా అడుగంటితే అల్మరాలోంచి కొత్తది విప్పాను. అదే కంపెనీ, అదే తెల్ల పొడి. ఎప్పుడూ తూచే తూకమే తూచి కలిపాను. కళ్ళు మూసుకుని చేసే పని అది.

పరీక్ష రోజు ఎగ్జామినర్ గేటు పడి ఆలస్యంగా వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు "సర్ కో నాష్తా, సర్ కో చాయ్" అని నన్ను కుదురుగా నిలబడనివ్వలేదు. ఒక పక్క పిల్లలు, ఇంకో పక్క సమోసాలు. ఆ హడావిడిలో ఈ గుంట ఫ్లాస్కు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. స్కూల్లో ఎప్పుడూ నాతో హిందీలోనే మాట్లాడుతుంది, ఆ రోజు తెలుగు వచ్చీసింది.

"మేడమ్, నాకు పద్నాలుగు వస్తంది."

"మళ్ళీ చెయ్యి."

వెళ్ళి చేసింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఫ్లాస్కుని రెండు చేతులతో నా ముఖం ముందుకెత్తి పట్టుకుంది. "మళ్ళీ పద్నాలుగే. పది దగ్గర రంగే రాడం లేదు. మేడమ్, సొల్యూషన్ ఏటైనా మారిందా?"

నేను ఆ ఫ్లాస్కు వైపే చూస్తున్నాను గానీ నా బుర్రంతా ఎగ్జామినర్ మీద ఉంది. ఆయన కప్పు కింద పెట్టి ఇటు తల తిప్పాడు. సొల్యూషన్ తప్పని ఒక పిల్ల నోటి వెంట ఆయన వింటే నా పరువేం కావాలి? ఒళ్ళు మండింది.

"సొల్యూషన్ నేను చేశాను. నీ చెయ్యి చూసుకో" అన్నాను. "పది రాసీయ్, వెళ్ళు."

అది నిజంగానే చెయ్యి చూసుకుంది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి అరచెయ్యి తిప్పి చూసుకుని, తన చోటుకి వెళ్ళి పది రాసింది. మిగతా పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. పది దగ్గర రంగు రాకపోయినా పదే, దాటి పోసినా పదే. సాయంత్రం మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించేశాం. దానితో సహా అందరికీ ఫుల్ మార్కులు.

మర్నాడు అల్మరా సర్దుతుంటే ఆ కొత్త సీసా చేతికొచ్చింది. ఊరికే లేబుల్ చదివాను. మేం ఎప్పుడూ తెప్పించే ఆక్సాలిక్ ఆమ్లంలో ప్రతి అణువూ రెండు నీటి అణువుల్ని చంకనెత్తుకుని ఉంటుంది. ఆ నీళ్ళ బరువు కూడా కలుపుకునే మా తూకం. ఈ సీసా నీళ్ళు లేని రకం. గింజ తీసిన చింతపండునీ గింజతో ఉన్న చింతపండునీ ఒకే తూకం వేసి పులుసు పెడితే పులుపు ఒకటే అవుద్దా? అదీ నేను చేసిన పని. అణుభారం నీళ్ళతో అయితే నూట ఇరవై ఆరు, లేకపోతే తొంభై. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి పదితో హెచ్చవేస్తే ఖచ్చితంగా పద్నాలుగు. ఆ రోజు ఆ గదిలో సరైన జవాబు తెలిసింది ఆ గుంట ఒక్కదానికే. సీసా పట్టుకునే స్టూలు మీద కూలబడ్డాను.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. పూర్తిగా కాదు, సొల్యూషన్‌లో చిన్న పొరపాటు జరిగిందని నసిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "సబ్‌కో పూరే నంబర్ మిలే హైఁ న, మేడమ్? ఫిర్ క్యా ప్రాబ్లమ్?" అన్నాడు, అందరికీ ఫుల్ మార్కులు వచ్చాక ఇంకేం గొడవ అన్నట్టు. ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మెట్లు దిగుతూ నా మీద నాకే అసహ్యం వేసింది.

మరి పిల్లకి ఎందుకు చెప్పలేదు? కారణాలకేం, బోలెడు. రాత పరీక్షలు ముందున్నాయి, ఇప్పుడు దాని మనసు కదపకూడదు. మార్కులు ఎలాగూ పోలేదు కదా. పరీక్షలయ్యాక నిదానంగా చెప్తే నవ్వుకుంటుంది. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కబుర్లు. అసలు కారణం ఒకటే. ఈ వరసలో నేను మేడమ్‌ని. నీళ్ళు ఎందుకు రంగు మారాయన్న దగ్గర్నుంచి ఏ పిల్ల ఏ గ్రూపు తీసుకోవాలన్న దాకా నన్నే అడుగుతారు, నేను చెప్పిందే వేదం. ఆ పీఠం దిగడానికి నాకు మనసొప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

పిల్ల సాయంత్రాలు రావడం మానేసింది. పాల పేకెట్ కోసం వీధి చివరికి వెళ్తూ ఎదురుపడితే తల వంచుకుని పక్కకి తప్పుకునేది. "గుంట ఈ మధ్య ఏటో అలా ఉంటంది వదినా, నీతో ఏటైనా చెప్పిందా?" అని వాళ్ళమ్మ అడిగితే, ఆవిడ మాట పూర్తవకుండానే "పరీక్షల బెంగలే, ఇంకేటుంటాది" అనేశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా గొంతు నాకే వినపడింది. పరీక్షలయ్యాయి. అయినా చెప్పలేదు. హోళీ అయ్యాక చెప్దామనుకున్నాను. ఆ తర్వాత మా ఆయనకి వరసగా డ్యూటీలన్నాను, ఎండలన్నాను.

అలా ఉండగా ఆవకాయల రోజు వచ్చీసింది. వరండా అంతా ఘాటు. ముక్కలు తుడిచి ఆరబెట్టారు, పిండీ కారమూ ఉప్పూ కొలిచి బేసిన్‌లో పోశారు. వాళ్ళమ్మ ఎదురింటి వైపు తిరిగి కేకేసింది. పిల్ల వచ్చింది గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతులు రెండూ చున్నీ కింద వెనక్కి పెట్టుకుంది.

"రావే, అందరూ నీ కోసమే కూచున్నారు" అంది వాళ్ళమ్మ.

"నేను కలపను. నా చెయ్యి మంచిది కాదు."

"ఓలమ్మో, ఎవరన్నారే ఆ మాట?" అని మామ్మ నోరు నొక్కుకుంది.

"అత్తకి తెలుసు" అంది పిల్ల. కోపంగా కాదు, వెటకారంగా కాదు. మార్కెట్‌లో ఉల్లిపాయలు ఎంతో చెప్పినట్టు చెప్పింది.

అందరూ నా వైపు చూశారు. అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వాళ్ళే. కానీ నా నోటి నుంచి వచ్చిందేమిటో తెలుసా? "ఏటే ఈ వేషాలు! బేసిన్‌లో చెయ్యి పెట్టడానికి ఎవరి సర్టిఫికెట్ కావాలి?" అని కసిరాను. అది లోపలికెళ్ళి నూనె డబ్బా తెచ్చి వాళ్ళమ్మ పక్కన పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మే కలిపింది. నా వాటా జాడీ ఇంటికి తెచ్చుకున్నాను గానీ ఆ రోజు కొత్తావకాయ అన్నం రెండు ముద్దలు తినే కంచం పక్కకి పెట్టాను. కళ్ళ వెంట నీళ్ళొస్తే మా ఆయన కారం ఎక్కువైందనుకున్నాడు.

ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న డ్యూటీ దిగి, సైకిల్ మా గోడకి ఆనించి లోపలికొచ్చాడు. పట్టాల మీద ఎండకి ముఖం నల్లబడిపోయి ఉంది. మంచినీళ్ళు తాగి గ్లాసు చేతిలో తిప్పుతూ కూచున్నాడు.

"అక్కా, గుంట సైన్సు వద్దంటంది. గ్రూప్ డి ఫారం నింపీమంటంది. నాకేటి, నేను మొదటి నుంచీ అన్నదే కదా, సంతోషించాలి. కానీ అన్నం ముందు కూచుంటే చాలు ఆ ల్యాబు కబుర్లే చెప్పే గుంట. ఇప్పుడు నోరే విప్పడం లేదు. దానికి చెయ్యి కుదరదంట, ఆ పనికి పనికిరాదంట. నువ్వు చెప్పు. పనికొస్తాదా, రాదా? నీ మాటే నాకు ఫైనల్."

పనికొస్తాది అని ఒక్క మాట అంటే చాలు. ఆయన లేచి వెళ్ళి ఫీజు కట్టేస్తాడు. నాలిక చివరి దాకా వచ్చింది. కానీ ఎందుకో చెప్పకుండా ఊరికే పనికొస్తాది అనడం, అది మళ్ళీ బోర్డు మూల పది వేసినట్టే. గుంటకి ఆ మాట మీద నమ్మకం ఎలా వస్తుంది? తన చేతి మీద తనకే పోయింది కదా. "రేపు చెప్తాను తమ్ముడూ" అన్నాను. "అచ్ఛా" అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎదురింటికి వెళ్ళి, నాతో స్కూలు దాకా రమ్మన్నాను. ఎందుకని అడక్కుండా చెప్పులేసుకుంది. ఆటోలో వంతెన మీదికి వచ్చేసరికి మొత్తం చెప్పేశాను. సీసా, లేబుల్, తూకం, ప్రిన్సిపాల్ గారి మాట, ఇన్నాళ్ళూ నేను దాచడం. కింద అర్పా ఎండిపోయి ఒట్టి ఇసుక. అది ఇసుక వైపే చూస్తూ వింది.

"ఊరుకో అత్తా" అంది చివరికి. "నా మనసు బాగు చెయ్యడానికి చెప్తన్నావు."

నేను అబద్ధం చెప్పినప్పుడు నమ్మింది. నిజం చెప్తుంటే నమ్మడం లేదు. సర్కండాలో ఆటోకి డబ్బులిచ్చి దిగాం.

ల్యాబ్‌లో కిటికీలు తెరిచాను. సెలవుల్లో మూసిపెట్టిన గది వాసన. అల్మరా వెనక తోసి దాచిన సీసా తీసి దాని చేతికిచ్చాను, లేబుల్ చదువుకోమని. చదివింది. దాని కళ్ళ ముందే తూచాను, కలిపాను, పర్మాంగనేట్ కొత్తగా చేశాను. "రా, చెయ్యి" అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే చెయ్యత్తా. నా చెయ్యి వద్దు."

సరేనని నేనే ఫ్లాస్కు వేడి చేసి, బ్యురెట్ కింద పెట్టి కుళాయి తిప్పాను. ఊదా చుక్కలు పడుతున్నాయి, తెల్లబోతున్నాయి. అది స్టూలు మీద కూచుని చూస్తోంది. నేను ఫ్లాస్కు తిప్పుతున్నాను. నిరూపించాలి, నిరూపించాలి అన్న ఆత్రం తప్ప నా మనసులో ఇంకేం లేదు.

"అత్తా" అంది. "ఎందుకు ఆపీసావు?"

చూసుకుంటే నా చెయ్యి కుళాయి మూసేసి ఉంది. గొట్టంలో గీత చూశాను. పది. ఫ్లాస్కులో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"రంగు రాలేదు కదా" అంది.

ఒట్టు, నేను ఆపాలని ఆపలేదు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటది ఆపేసింది. సీసా తప్పని తెలిసి, పద్నాలుగు వస్తుందని తెలిసి, అది చూపించడానికే దీన్ని ఇంత దూరం తీసుకొచ్చి, నేను పది దగ్గర ఆపాను. కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని. చెయ్యి ఇంకా కుళాయి మీదే ఉంది.

అది స్టూలు దిగి వచ్చింది. నా చేతిని మెల్లగా తప్పించి తన చెయ్యి పెట్టింది. ఒక చేత్తో కుళాయి, ఇంకో చేత్తో ఫ్లాస్కు. చుక్క, చుక్క. పన్నెండు దాటింది, పదమూడు దాటింది. అక్కడి నుంచి చుక్కకీ చుక్కకీ మధ్య ఆగి, ఫ్లాస్కు తిప్పి, చూసి, మళ్ళీ వదిలింది. పద్నాలుగు దగ్గర లేత గులాబీ వచ్చి నిలబడింది. ఎంతసేపు తిప్పినా పోలేదు.

కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, రెండు చేతులతో ఫ్లాస్కుని నా ముఖం ముందుకెత్తి పట్టుకుంది.

"ఆ రోజు కూడా ఇలాగే పట్టుకుని చూపించాను. నువ్వు చూసావు."

"చూశాను" అన్నాను.

"చూసి కూడా నా చెయ్యి అన్నావు."

"తప్పు నాదేనే తల్లీ. ఆ రోజూ నాదే, తర్వాత ఇన్నాళ్ళూ నాదే."

పరవాలేదు అత్తా అంటుందేమోనని, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఎదురు చూశాను. అనలేదు. ఫ్లాస్కు ఒంపేసింది. బ్యురెట్ ముందు కుళాయి నీళ్ళతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తలకిందులుగా స్టాండ్‌కి పెట్టింది. నేను నేర్పినట్టే, ఒక్క మెట్టు వదలకుండా.

"నాన్నకి ఏటి చెప్తావు?" అంది చేతులు తుడుచుకుంటూ.

"పనికొస్తావని చెప్తాను. జరిగిందంతా కూడా చెప్తాను."

"జరిగింది చెప్తే చెప్పు, అది నీ ఇష్టం. పనికొస్తానని మాత్రం నువ్వు చెప్పకు. బీఎస్సీలో చేరతానని నేనే చెప్పుకుంటాను. నీ మాట మీద వద్దు."

తల ఊపాను. ఇంకేం చెయ్యను? అక్కడ పెట్టిన తాళాలు తెచ్చుకోడానికి పక్క గదిలోకి వెళ్తే నా వెనకే వచ్చింది. బోర్డు మూల ఫిబ్రవరిలో నేను వేసిన పది అలాగే ఉంది. తర్వాత ఎవరూ ఆ బోర్డు ముట్టుకోలేదు. డస్టర్ కోసం అటూ ఇటూ చూసింది, కనబడలేదు. అరచేత్తో తుడిచేసింది.

"పదత్తా, ఎండెక్కిపోతంది" అంది. నేను గదికి తాళం వేశాను.